ప్రకృతి వైద్యుడికి లైసెన్సు ఉండాలా, వద్దా?

విజయవాడలోని నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీలో బీఏఎంఎస్ డిగ్రీ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. బయటికొచ్చాక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, తేడా వస్తే ఫిర్యాదుకు ఓ చోటుంటుంది.

ప్రకృతి వైద్యానికి దేశమంతటికీ అలాంటి ఒకే చట్టం లేదు. 2020 నాటి జాతీయ భారతీయ వైద్య విధానాల కమిషన్ చట్టంలో ఆయుర్వేదం, యునాని, సిద్ధ ఉన్నాయి, ఇది లేదు. ఐదున్నరేళ్లు బీఎన్‌వైఎస్ అనే ప్రకృతి వైద్య, యోగా డిగ్రీ చదివినవారూ, నాలుగు రోజులు క్యాంపుకెళ్లొచ్చి బోర్డు పెట్టినవారూ జనానికి ఒకేలా కనిపిస్తారు.

లైసెన్సులు పెడితే ఫీజులు పెరుగుతాయి, పల్లెల్లో అనుభవంతో చేసేవాళ్లు మానేస్తారు అంటారు. నిజమే. మట్టిపట్టీ వేయడానికి, తొట్టిస్నానం చేయించడానికి నేనైతే సర్టిఫికెట్ అడగను. కానీ ఇన్సులిన్ తీసుకునే మనిషిని ఉపవాసం ఉంచితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, స్పృహ తప్పొచ్చు. ఉపవాసం పెట్టించేవాళ్లకు మాత్రం లైసెన్సు ఉండాల్సిందే.