స్ట్రోలరా, పాత చీరా, బకిల్ క్యారియరా?

మా బాబుకి డౌన్ సిండ్రోమ్. కండరాల్లో బిగువు తక్కువ కాబట్టి ఆరు నెలలకీ మెడ సరిగ్గా నిలవలేదు, ఎత్తుకుంటే తడిపిన తువ్వాలులా చేతుల్లోంచి జారేవాడు. వారానికి మూడుసార్లు కె.ఆర్. పురం నుంచి ఇందిరానగర్‌కి మెట్రోలో ఫిజియోథెరపీకి వెళ్లాలి. చక్రాల బండి అయిన స్ట్రోలర్, గుండెకి కట్టుకునే పాత చీర, బెల్టులతో బిడ్డని ఛాతీకి తగిలించుకునే బకిల్ క్యారియర్, ఈ మూడూ వాడి చూశాను.

స్ట్రోలర్ బెంగళూరు ఫుట్‌పాత్‌ల మీద పనికిరాదు. లేచిన రాళ్లు, వాటి మీద పార్క్ చేసిన స్కూటీలు! అది సరే, అసలు టెన్షన్ వేరే. కూర్చోబెట్టిన పది నిమిషాలకి వీడు ఒక పక్కకి ఒరిగి, గడ్డం ఛాతీకి ఆనించేసేవాడు. మెడ బలం లేని పిల్లలకి అలా వంగితే ఊపిరి ఆడకపోవచ్చు. ఇప్పుడది మాల్‌కి వెళ్లినప్పుడు మాత్రమే, అదీ పూర్తిగా వెనక్కి వాల్చి.

మా అమ్మ అనంతపురం నుంచి వచ్చి మెత్తటి నూలు చీరతో వాణ్ని గుండెకి కట్టుకుంది. క్షణంలో నిద్రపోయాడు. మా అత్తగారు మాత్రం "జోలె కట్టారేంటమ్మా" అన్నారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, నెలలు నిండని పిల్లల్ని తల్లుల గుండెకి ఆనించి కట్టడం మొదలైందని చెబితే ఊరుకున్నారు. చీరతో చిక్కల్లా ముడితోనే. అమ్మ కడితే గంటైనా కదలదు, నేను కడితే అరగంటకే వదులై వాడు కిందికి దిగిపోతాడు. కాబట్టి చీర ఇంట్లోనే.

బయటికి నా ఓటు బకిల్ క్యారియర్‌కే, తలకి ఆనిక ఉన్నదానికి. కొన్న మర్నాడే ఫిజియో మేడమ్‌కి చూపించాను. వాడి మోకాలి కింద చెయ్యి పెట్టి, "వీడి కాళ్లు ముందే కప్పలా తెరుచుకున్నాయి, కూర్చునే భాగం ఇంత వెడల్పొద్దు" అని తగ్గించారు. మోకాళ్లు పిరుదుల కంటే కాస్త పైకి ఉండాలి. గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, ముఖం నాకు కనిపిస్తూ ఉండాలి. ముఖం బయటికి తిప్పి కూర్చోబెట్టొద్దన్నారు. పాలు తాగాక నిటారుగా ఉండటంతో కక్కడం తగ్గింది. మెట్రోలో జనాన్ని చూడాలని తల ఎత్తుతాడు, వాలుస్తాడు, మళ్లీ ఎత్తుతాడు. మెడకి అదో కసరత్తు.

అందరికీ ఇదే అనను. పక్కింటి పాపకి సెరిబ్రల్ పాల్సీ, కాళ్లు కత్తెరలా బిగుసుకుంటాయి. బలవంతంగా విడదీసి ఇందులో కూర్చోబెడితే ఏడుస్తుంది. పొట్టకి ఫీడింగ్ ట్యూబ్ ఉన్న పిల్లలకైతే బెల్టు దాని మీద నొక్కకూడదు.

వీడిప్పుడు ఎనిమిది కిలోలు. నా నడుము అప్పుడే గొణుగుతోంది. సొంతంగా కూర్చోవడం వచ్చాక, మేడమ్ సరేనంటే, వీపుకి మార్చాలి.