రెండేళ్ల లైనక్స్ టాబ్లెట్: పెన్ను బాగుంది, నిద్రే దొంగ నిద్ర

ర్యామ్ ఎంత, స్క్రీన్ ఎన్ని అంగుళాలు అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి. విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడానికి ఏ టాబ్లెట్ కొనాలని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: అది సరిగ్గా నిద్రపోతుందా, అంటే పవర్ బటన్ నొక్కి పక్కన పెడితే బ్యాటరీ తినకుండా ఊరుకుంటుందా? రెండేళ్లు దాటిన వాడకంలో నా టాబ్లెట్ మీద నాకున్న కోపమంతా అక్కడే.

నాది ఆఫీసుల్లో వాడి వదిలేసిన టూ-ఇన్-వన్. ఏడో తరం ఇంటెల్ ఐ5, వెనక స్టాండు, ఊడదీసే కీబోర్డు కవరు, పెన్ను. ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లను విండోస్ 11 దాదాపుగా ఒప్పుకోదు. అందుకే కంపెనీలు ఇలాంటివి వదిలించుకున్నాయి. విశాఖ ద్వారకా నగర్‌లో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో, మామూలు ఆండ్రాయిడ్ టాబ్ ధరకే వచ్చింది. "విండోస్ తీసేస్తారా సార్? అయితే తర్వాత వచ్చి నన్ను అడగొద్దు" అన్నాడు షాపాయన. ఏ కంపెనీదో రాయను. మీకు దొరికేది వేరే మోడల్ అవుతుంది. ఒకే మోడల్లో కూడా లోపలి వై-ఫై కార్డు మారిపోతూ ఉంటుంది.

ఆండ్రాయిడ్ టాబ్ మీదే లైనక్స్ వేయొచ్చు కదా అంటారు. వేయొచ్చు, కొన్నిటి మీద. టాబ్ ఆన్ కాగానే ముందు నడిచే బూట్‌లోడర్ అనే ప్రోగ్రాం తాళం తెరుచుకోవాలి, ఆ మోడల్ కోసమే ఎవరో కూర్చుని పని చేసి ఉండాలి. ఫోన్లకు, టాబ్‌లకు లైనక్స్ తయారుచేసే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వాళ్ల జాబితాలో మీ టాబ్ పక్కన ఏవేవి పనిచేయవని రాసి ఉందో చదివితే సగం ఉత్సాహం అక్కడే పోతుంది. ఇంటెల్ టాబ్లెట్ అయితే లాప్‌టాప్‌లో లైనక్స్ వేయడానికి పెట్టే పెన్ డ్రైవే దీనికీ సరిపోతుంది. పదేళ్ల కిందటి, ఇంటెల్ చవక ప్రాసెసర్ ఆటమ్ ఉన్న టాబ్లెట్ల జోలికి మాత్రం పోవద్దు. వాటిలో చాలావాటికి ప్రాసెసర్ 64 బిట్, బూట్ చేసే ఫర్మ్‌వేర్ 32 బిట్. ఇన్‌స్టాల్ చేయడమే పెద్ద తలనొప్పి.

పెన్ను గురించి చెప్పాలి. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. పెన్నుతో రాసుకునే నోట్సు యాప్ జర్నల్++ తెరిచి, టీవీకి తగిలించి, బోర్డు బదులు దాని మీదే రాస్తాను. దీనిది వాకమ్ కంపెనీ పెన్ను. దానికి కెర్నల్లోనే, అంటే లైనక్స్ గుండెకాయలోనే, డ్రైవర్ ఉంది, నేను ఏమీ ఇన్‌స్టాల్ చేయలేదు. కొన్న కొత్తలో చెయ్యి స్క్రీన్ మీద పూర్తిగా ఆనించినా ఒక్క పిచ్చిగీత పడలేదని అందరికీ చెప్పుకు తిరిగాను. అది డిసెంబరు. మే నెల ఉక్కపోతలో, ఏసీ లేని గదిలో, చెమట చెయ్యికి ఆ లెక్క మారింది. ఇప్పుడు చేతి కింద కర్చీఫ్ వేసుకుని రాస్తాను. మొదట్లో టీవీ తగిలించగానే పెన్ను గీత రెండు స్క్రీన్ల మేరా సాగిపోయేది. స్క్రీన్ మీద బొమ్మ చూపించే కొత్త పద్ధతి వేలాండ్‌లోకి మారాక ఆ గొడవ పోయింది.

ఇక నిద్ర సంగతి. సికింద్రాబాద్‌లో అక్క వాళ్లింటికి జన్మభూమి రైల్లో బయల్దేరాను. దారిలో పిల్లల టెస్టు పేపర్లు దిద్దేద్దామని అన్నీ స్కాన్ చేసి టాబ్లెట్‌లో వేసుకున్నాను. రాత్రి ఛార్జింగ్ నిండాక పవర్ బటన్ నొక్కి బ్యాగులో పెట్టాను. తుని దాటాక తీస్తే వేడిగా ఉంది. బటన్ నొక్కితే చలనం లేదు. బ్యాటరీ మొత్తం ఖాళీ. పక్కాయన పవర్ బ్యాంకు ఇచ్చారు, టైప్-సి కేబుల్ కూడా సరిపోయింది. కానీ దీనికి 20 వోల్టులు కావాలి, అది ఇచ్చేది 5 వోల్టులు. టాబ్లెట్ కదల్లేదు. పేపర్లు దిద్దకుండానే అక్క ఇంటికి చేరాను.

ఇంటికొచ్చాక కూర్చుని చూస్తే విషయం తెలిసింది. సిస్ డైరెక్టరీలో పవర్ కింద మెమ్_స్లీప్ అని చిన్న ఫైలు ఉంటుంది. అందులో 'డీప్' అన్న మాట కనిపిస్తే పాతకాలపు ఎస్3 నిద్ర ఉన్నట్టు. అందులో ర్యామ్ నిలవడానికి కావలసినంత తప్ప కరెంటు దాదాపు ఖర్చు కాదు. నా టాబ్లెట్‌లో 'ఎస్2ఐడిల్' ఒక్కటే ఉంది. ఈ పద్ధతిలో ప్రాసెసర్ ఊరికే ఖాళీగా ఉంటుంది, మిగతా చిప్పులు ఎవరికి వారు పడుకోవాలి. వై-ఫైయో, ఎస్‌ఎస్‌డీయో ఒక్కటి మేలుకున్నా ముసలాయన దగ్గుకు ఇంటిల్లిపాదీ లేచినట్టే. నిజంగా గాఢనిద్రలో ఎంతసేపు ఉందో కెర్నల్ ఒక లెక్క రాసి పెడుతుంది. రాత్రంతా పడుకోబెట్టి పొద్దున చూస్తే ఆ లెక్క సున్నా. పైగా బ్యాగులో పుస్తకాలు ఒత్తుకుని కవరు మీద ఏ మీట నొక్కుకున్నా లేచి కూర్చుంటోంది. ఆ కీబోర్డుకు వేకప్ ఆపేశాను, కొంత నయం.

అసలు మందు హైబర్నేట్. కాసేపు నిద్ర, ఆ తర్వాత ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లోకి రాసుకుని పూర్తిగా ఆగిపోవడం. లైనక్స్‌లో సర్వీసులన్నీ నడిపే సిస్టమ్‌డీలో ఈ సదుపాయం ఉంది. అయితే నేను వేసిన ఫెడోరా అనే లైనక్స్‌లో స్వాప్ (ర్యామ్‌లో పట్టనిది దాచుకునే చోటు) జీరామ్‌లో, అంటే ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి, డిస్క్ మీద విడిగా స్వాప్ చేసుకోవాలి. సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నల్ హైబర్నేట్‌ను ఒప్పుకోదు, దాన్ని ఆపేయాలి. ఇవన్నీ చేయడానికి ఒక ఆదివారం పోయింది. ఇప్పుడు రాత్రి ఎంత ఉంటే పొద్దున అంతే. కాకపోతే తీసిన వెంటనే రాసే టాబ్లెట్ కాదిది. లేచేదాకా పిల్లలు నా మొహం, టీవీ మొహం మార్చి మార్చి చూస్తుంటారు.

కాబట్టి షాపులో లైవ్ పెన్ డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిపేది) పెట్టి వై-ఫై వస్తోందా, టచ్ పనిచేస్తోందా అని చూసి ఊరుకోవద్దు. ఆ మెమ్_స్లీప్ ఫైలు తెరవండి. నిద్రపుచ్చి, పక్క షాపులో టీ తాగి వచ్చి, ముట్టుకుని చూడండి. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ కొనే ఆలోచన ఉంటే లైనక్స్-సర్ఫేస్ అనే ప్రత్యేక కెర్నల్ ప్రాజెక్టు పేజీలో మీ మోడల్‌కు ఏమి రాశారో ముందే చదవండి. కెమెరా మీద ఆశ పెట్టుకోకండి. నా దాంట్లో ఇప్పటికీ పనిచేయదు, నాకు దానితో పని లేదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు ఉన్నవాళ్లు ఇలాంటిది కొనడమే వద్దు.

నాకైతే సరిపోయింది. ట్యూషన్ గది ఎంవీపీ కాలనీలో, ఇంటికి స్కూటర్ మీద వెళ్లే దూరమే. రెండు చోట్లా ఛార్జర్ ఉంది. రోజూ బస్సులో గాజువాక నుంచి వచ్చేవాళ్లకు ఇదే మాట చెప్పగలనా అంటే, ఎస్3 నిద్ర ఉన్నది దొరికితేనే. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా ఒక రాత్రి హైబర్నేట్ తీసేసి చూస్తుంటాను. మొన్నటి దాంతో తెల్లారేసరికి సగానికి పైగా మిగిలింది. అయినా హైబర్నేట్ మళ్లీ పెట్టేశాను.