ఎల్డెన్ రింగ్: వాగబాండా, సమురాయా?

ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్ మొదట్లో మన పాత్రకి ఎంచుకునే తరగతుల్లో (క్లాసుల్లో) వాగబాండ్, సమురాయ్ రెండు. రెండూ లెవెల్ 9 తోనే మొదలవుతాయి. వాగబాండ్‌కి విగర్ (ప్రాణాన్ని పెంచే గుణం) 15, సమురాయ్‌కి 12. మొదటి గంటల్లో ఈ మూడు పాయింట్ల తేడా బాగా తెలుస్తుంది.

వాగబాండ్‌కి అసలు బలం హీటర్ షీల్డ్ అనే డాలు. మామూలు కత్తి దెబ్బల్ని నూటికి నూరు శాతం ఆపుతుంది. దెబ్బ కాచుకున్న వెంటనే హెవీ అటాక్ బటన్ నొక్కితే గార్డ్ కౌంటర్, అంటే బలమైన ఎదురుదెబ్బ పడుతుంది. ఆటలో మొదటి ప్రాంతమైన లిమ్‌గ్రేవ్‌లోని సైనికుల మీద ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు. అయితే స్టామినా (ఓపిక) అయిపోతే డాలు ఉన్నా రక్షణ ఉండదు, అందుకే దెబ్బల మధ్య డాలు దించుతూ ఉండాలి. మోయగల బరువులో 70 శాతం దాటితే రోల్ (దొర్లి దెబ్బ తప్పించుకోవడం) మొద్దుబారుతుంది, ముందు హాల్బర్డ్ (పొడవాటి పిడి గొడ్డలి) తీసేయండి. లాంగ్‌స్వర్డ్ ఒక్కటే చాలు.

సమురాయ్‌కి డెక్స్‌టెరిటీ (చేతి నైపుణ్యం) 15, చేతిలో ఉచిగటానా అనే జపనీస్ కత్తి, లాంగ్‌బో అనే విల్లు. ఈ కత్తి వరుస దెబ్బలతో రక్తస్రావం మీటర్ నిండగానే శత్రువు మొత్తం ప్రాణంలో కొంత శాతం ఒక్కసారే పోతుంది, అందుకే పెద్ద బాస్‌ల మీద లాభం ఎక్కువ. అస్థిపంజరాల మీద మాత్రం పనిచేయదు. బాణంతో గుంపులోంచి ఒక్కొక్కరినే లాగొచ్చు. చిన్న డాలు అన్ని దెబ్బల్నీ పూర్తిగా ఆపదు, కాబట్టి రోల్ నేర్చుకోవాల్సిందే.

ఈ తరహా ఆట ఇదే మొదటిదైతే వాగబాండ్ తీసుకోండి. ఉచిగటానా ఎలాగూ లిమ్‌గ్రేవ్‌లోని డెత్‌టచ్డ్ కాటకూంబ్స్ అనే భూగర్భ సమాధుల్లో దొరుకుతుంది, డెక్స్‌టెరిటీ రెండు పాయింట్లు పెంచితే వాడొచ్చు.