ఫాల్కోనా, గోర్డియానసా?

పాత రోమ్‌లో జరిగే డిటెక్టివ్ నవలలు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను ఇద్దరు డిటెక్టివ్‌ల పేర్లు చెబుతాను: లిండ్సే డేవిస్ రాసిన ఫాల్కో, స్టీవెన్ సేలర్ రాసిన గోర్డియానస్.

ఫాల్కో కథ క్రీ.శ. 70లో, వెస్పాసియన్ చక్రవర్తి పాలనలో మొదలవుతుంది. రోమ్‌లోని అవెంటైన్ కొండ మీద అద్దె ఇల్లు. కింద చాకిరేవు కొట్టు, పైన మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చేంత ఎత్తులో ఇతని గది. చేతిలో డబ్బుండదు, నోటికి అదుపుండదు. మొదటి నవల 'ది సిల్వర్ పిగ్స్' (1989)లో దొంగిలించిన వెండి ఆచూకీ కోసం బ్రిటన్ గనిలో బానిసగా చేరతాడు. మిగతా చోట్ల నవ్వించే కథలో అక్కడ మాత్రం నవ్వు రాదు.

గోర్డియానస్‌ది అంతకు నూటయాభై ఏళ్ల ముందు లోకం. 'రోమన్ బ్లడ్' (1991)కు ఆధారం క్రీ.పూ. 80లో నిజంగా నడిచిన కేసు. తండ్రిని చంపాడని సెక్స్టస్ రోసియస్ మీద నేరం మోపారు. అతని తరఫున వాదించింది తర్వాత గొప్ప వక్తగా పేరుపొందిన సిసిరో; అప్పటికింకా పేరు రాలేదు, వయసు 26. నేరం రుజువైతే కుక్క, కోడిపుంజు, పాము, కోతితో సహా మనిషిని సంచిలో కుట్టేసి నీళ్లలో పడేస్తారు! పైగా ఈ కేసు వెనకున్న, రోమ్ నియంత సుల్లా మనిషి క్రిసోగోనస్ పేరెత్తాలంటేనే అందరికీ భయం. సిసిరో వాదన ఇప్పటికీ దొరుకుతుంది. అది ముందే చదివి నవల పట్టుకున్నా టెన్షన్ తగ్గదు.

నా ఓటు గోర్డియానస్‌కే. రైలు ప్రయాణానికైతే ఫాల్కో. ప్రేయసి హెలెనాతో అతని కీచులాటలకే టికెట్ డబ్బులు గిట్టుబాటవుతాయి.