నీలం రక్తం, మేక గుండెకాయ: సైన్స్ క్లాసులో ప్యానెల్ వాడిన అనుభవం

పదో తరగతి ఎఫ్‌ఏ-1 (ఏడాదిలో మొదటి చిన్న పరీక్ష) పేపర్లు దిద్దుతుంటే ఒకే వాక్యం ఏడుగురి పేపర్లలో కనబడింది: "సిరలలో నీలం రంగు రక్తం ఉండును." పిల్లల్ని ఏమని తిడతాం? ముందు వారం ప్యానెల్ మీద, అంటే క్లాసులో గోడకున్న పెద్ద టచ్ తెర మీద, గుండె వీడియో పెట్టింది నేనే. అందులో ఆక్సిజన్ ఎక్కువున్న రక్తానికి ఎరుపు, తక్కువున్నదానికి నీలం వేశారు. అది గుర్తు కోసం వేసిన రంగేనని, అసలు రక్తం ముదురు ఎరుపని చెప్పడం మర్చిపోయాను. వాళ్లు చూసింది చూసినట్టు రాశారు.

దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఆరు, ఏడు తరగతుల సైన్సు కూడా నాదే. మాకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు 2023లో వచ్చాయి. అంతకుముందు ప్రొజెక్టర్ ఉండేది. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేస్తే తప్ప బొమ్మ కనబడేది కాదు, చీకటి చేస్తే వెనక బెంచీలు నిద్రపోయేవి. కరోనా అప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి, తెలంగాణ ప్రభుత్వ పాఠాల చానెల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. పిల్లలు చూస్తున్నారో లేదో కనుక్కోవడానికి తండాల్లో ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ఒకింట్లో టీవీ ముందు కూర్చున్న పిల్ల నన్ను చూడగానే, "మేడం, గా సారు ఆగుతలేడు, జర మీరు చెప్పుండ్రి" అంది. ప్యానెల్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఆపొచ్చు అన్నదే.

దాని తర్వాత మ్యూట్ బటన్. మా బళ్లల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. మా తండా పిల్లలకు ఇంట్లో లంబాడీ, బజారులో తెలుగు, పరీక్షలో ఇంగ్లిష్. దొరికే మంచి వీడియోల్లో మాట్లాడేవాళ్లేమో బస్సు పోతుందన్నంత తొందరలో ఉంటారు. అందుకే సౌండ్ తీసేసి ఒక పిల్లవాణ్ని నిలబెట్టి క్రికెట్ కామెంటరీలా చెప్పమంటాను. "ఇగో కుడి జఠరిక ముడుసుకున్నది, కవాటం పడ్డది, రక్తం ఊపిరితిత్తులకు పోతున్నది..." తప్పు చెప్తే క్లాసంతా "నో బాల్" అని అరుస్తుంది. నాలుగు నిమిషాల వీడియోకు పీరియడంతా పడుతుంది. పట్టనీ.

పోయినేడు ఆదివారం మటన్ కొట్టులో మేక గుండెకాయ అడిగి, పైన గొట్టాలు కొయ్యకుండా ఇవ్వమన్నాను. అతను నన్ను అదోలా చూశాడు. డీప్ ఫ్రిజ్‌లో పెట్టి సోమవారం బడికి తీసుకుపోయాను. ఒక సెక్షన్‌కు ముందు వీడియో, తర్వాత గుండెకాయ. ఇంకో సెక్షన్‌కు తిరగేసి చేశాను. వీడియో ముందు చూసినవాళ్లు కోసిన గుండెలో నీలం వైపు ఏదా అని వెతికారు. రెండో సెక్షన్‌లో ఒకడు లోపల వేలు పెట్టి, "మేడం, ఎడమ గోడ మస్తు మందముంది, ఎందుకు?" అన్నాడు. ఆ ప్రశ్న నాలుగేళ్లుగా ఏ వీడియో అయ్యాకా నాకు రాలేదు. అట్లాగని కవాటం తెరుచుకుని మూసుకోవడం చచ్చిన గుండెలో ఎక్కడ కనబడుతుంది? అది తెర మీదే చూడాలి. ఇప్పుడు ముందు గుండెకాయ, తర్వాతే వీడియో.

ఇక మైక్రోస్కోప్. ఉన్నది ఒక్కటి, పిల్లలు 42 మంది. వరసలో సగం మంది చూసేసరికి ఉల్లిపొర ఎండిపోయేది. ఇప్పుడు ఐపీస్ మీద ఫోన్ కెమెరా ఆనించి, కేబుల్‌తో ప్యానెల్‌కు కలుపుతాను. ఫోన్ కదలకుండా పట్టుకోవడం ఒక విద్య, అది నాకంటే మా చివరి బెంచీ వాడికి బాగా వచ్చు. చెరువు నీళ్లలో గడ్డి నానబెట్టి నాలుగు రోజులయ్యాక ఒక చుక్క వేస్తే, చెప్పు ఆకారంలో పరమీసియం గోడంత తెర మీద ఈదుకుంటూ పోయింది. క్లాసంతా కేక పెట్టింది. పక్క గదిలో లెక్కలు చెప్తున్న సారు ఏం పడిందోనని పరిగెత్తుకొచ్చి, ఆయనా నిలబడి చూశారు. ప్యానెల్‌కు పెట్టిన డబ్బులు నా లెక్కలో ఆ రోజే వచ్చేశాయి.

విద్యుత్ వలయాలకు కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, వాడతాను. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా నడుస్తాయి. కాకపోతే తెర మీద బల్బు ప్రతిసారీ వెలుగుతుంది. బల్ల మీద వెలగదు: సెల్ అయిపోయి ఉంటుంది, వైరు మీద ప్లాస్టిక్ సరిగా గీకి ఉండదు. ఆ తంటా పడకుండా వలయం వచ్చేసిందంటే నేను నమ్మను.

పుస్తకంలో క్యూఆర్ కోడ్ కొడితే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో పాఠం వస్తుంది. మా దగ్గర సిగ్నల్ కావాలంటే వేపచెట్టు కిందికి పోవాలి, కాబట్టి ముందురోజు ఇంట్లోనే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటాను. ఒకసారి టచ్ పోతే బాగు చేసే మనిషి రావడానికి నెలన్నర పట్టింది. కోతులు కేబుల్ కొరికింది వేరే. కరెంటు సంగతి చెప్పేదేముంది, ఉంటే ఉంటుంది. ప్యానెల్‌కు ఐదుకు ఎన్ని మార్కులంటే నాలుగిస్తాను, కరెంటున్న రోజు.

ఈ ఏడు వీడియో పెట్టకముందే గట్టిగా చెప్పాను: రక్తం నీలంగా ఉండదు, అది బొమ్మలో వేసిన రంగు. ముందు బెంచీ పిల్ల చెయ్యి చాపి మణికట్టు చూపించింది. "మరి గిది, మేడం?" చర్మం కింద సిర నీలంగానే కనబడుతోంది. వీడియో ఆపేసి, వెలుతురు చర్మంలోకి పోయి ఎట్లా తిరిగొస్తుందో చెప్పమని ఫిజిక్స్ సారును పిలుచుకొచ్చాను.