ఒక్క గొంతా, పాత్రకో గొంతా? వినే నవలకి ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి వంతెన దగ్గర పొద్దున ఏడున్నరకి వజ్ర ఏసీ బస్సెక్కితే సిల్క్ బోర్డు చేరడానికి ముప్పావుగంట పట్టచ్చు, గంటన్నర పట్టినా అడిగేవాళ్ళు లేరు. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మెట్రో మొదలయ్యాక అక్కణ్ణించి ఎలక్ట్రానిక్ సిటీదాకా ప్రాణం హాయిగా ఉంది గానీ, ఔటర్ రింగ్ రోడ్డు బతుకు మాత్రం అలాగే ఉంది. బస్సులో పుస్తకం తెరిస్తే నాకు కడుపులో తిప్పుతుంది. అందుకని మూడేళ్ళుగా నవలలు వింటున్నాను, తెలుగువీ ఇంగ్లీషువీ. విని విని నాకు కొన్ని పట్టింపులు ఏర్పడ్డాయి. ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గరున్న అత్తయ్య కూడా వంటింట్లో వింటారు. ఆవిడ పట్టింపులు ఆవిడవి. మా ఇద్దరికీ ఒక్క విషయంలోనే పడదు: నవలని ఒక్కరే మొదటినుంచీ చివరిదాకా చదవాలా, పాత్రకొకరు చొప్పున నటించాలా?

ఇంగ్లీషువాళ్ళు రెండు దారుల్లోనూ చివరంటా వెళ్ళారు. రాయ్ డాట్రిస్ అనే నటుడు 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' నవల చదువుతూ 224 పాత్రలకి వేరువేరు గొంతులు పెట్టి గిన్నిస్ రికార్డు కొట్టాడు. ఇటు 2017లో 'లింకన్ ఇన్ ద బార్డో' నవలని 166 మంది కలిసి చదివారు. రెండూ విన్నాను. మొదటిదాంట్లో ఎన్ని గొంతులు మారినా నాకు గుర్తున్నది పాత్రల మధ్య కథ చెప్పుకుపోయే ఆ ముసలాయన అసలు గొంతే. రెండోదాంట్లో అంతమంది ఎందుకంటే, ఆ నవలలో మామూలుగా కథ చెప్పే మనిషంటూ ఉండడు. శ్మశానంలో ఆత్మలు ఒకదాని మాట ఒకటి అందుకుంటూ మాట్లాడతాయి. దాన్ని ఒక్కరే చదివితే ఎవరి మాట ఎవరిదో తెలిసేది కాదు.

నా లెక్కకి ఇదే మొదటి ప్రశ్న. పుస్తకంలో కథ చెప్పే మనిషి ఉన్నాడా, లేడా? ఉంటే ఆ మనిషి గొంతు పోకూడదు.

పాత్రకొకరు నటించేటప్పుడు ముందు ఎగిరిపోయేది 'అన్నాడు', 'అంది' అనే మాటలు. పోతే పోనీ, గొంతు వింటే ఎవరో తెలుస్తుందిగా అంటారు. సరే, ఇలాంటి వాక్యం ఒకటి ఉందనుకోండి: "నేను రాను," అంది సావిత్రి, బిందెలో నీళ్ళు ఎన్ని ఉన్నాయో వంగి చూస్తూ. ఒక్కరే చదివితే ఈ మాట మామూలుగా దాటిపోతుంది. రెండు పేజీల తర్వాత గానీ మనకి తట్టదు, పిల్ల ఎప్పుడో నిర్ణయించేసుకుంది, ఏడవడం కూడా అయిపోయింది, ఇప్పుడు ఆమె దిగులు నీళ్ళ గురించేనని. అదే నాటకం కట్టినవాళ్ళు 'అంది' తీసేస్తారు. దానితోపాటు బిందే పోతుంది, వంగి చూడడమూ పోతుంది. నటి ఊరుకోదు కదా, "నేను... రాను!" అని గొంతు పూడ్చుకుంటుంది. వెనక వీణ. రచయిత దాచిపెట్టిందంతా మొదటి నిమిషంలోనే బయటపడిపోయింది. మరీ శ్రద్ధగలవాళ్ళయితే బిందె చప్పుడు కలుపుతారు. చప్పుడు వింటే బిందె ఉందని తెలుస్తుంది, వంగి చూసిందని ఎలా తెలుస్తుంది?

ఇదంతా అత్తయ్యకి చెప్తే ఆవిడ చెయ్యి విదిలించారు. "ఒక్కడే గంటలకి గంటలు చదువుతుంటే నాకు కునుకొస్తుందే అమ్మాయ్. కూర కలిపి వచ్చేసరికి ఎవరు మాట్లాడుతున్నారో తెలీదు. నాటకమైతే గొంతు పట్టి పోల్చుకుంటా." ఈ మాట కాదనలేను. కుక్కరు కూతల మధ్య, మిక్సీ చప్పుళ్ళ మధ్య వినేవాళ్ళకి పాత్రకో గొంతు ఉండడం నిజంగా సదుపాయం. పైగా ఆవిడ చెవి రేడియో దగ్గర తయారైంది. విజయవాడ కేంద్రం నాటకాలు, హైదరాబాదు కేంద్రంలో శారదా శ్రీనివాసన్ గొంతు, ఇవి విని పెరిగినవాళ్ళు ఇప్పటి యాప్ నాటకాలని కూడా దయగానే వింటారు. ఆ రోజుల్లో రేడియో నాటకాన్ని రేడియో కోసమే రాసేవాళ్ళు. కనపడని సంగతి ఏదైనా ఉంటే సంభాషణలోనే పొదిగేవాళ్ళు. ఇప్పుడు నవలని తెచ్చి, వర్ణన కోసేసి, మిగిలిన మాటల్ని నటులకి పంచుతున్నారు. తేడా అక్కడుంది.

నేనూ ఊరుకోలేదు. "మరి ఉషశ్రీ గారు ఒక్కరేగా అత్తయ్యా?" అన్నాను. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో ఆయన రామాయణం, భారతం వస్తుంటే ఇంట్లో ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదని ఆవిడే నాకు పదిసార్లు చెప్పారు. అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నవారు ఆగి, "ఆయన చదివాడటే? చెప్పాడు," అన్నారు.

నా వాదన గెలిపించడానికి తెచ్చిన ఉదాహరణ, నాకంటే ఆవిడకే ఎక్కువ ఉపయోగపడింది. అప్పటినుంచీ తెలుగు ఆడియో నవల ఏది మొదలుపెట్టినా ముందు ఇదే చూస్తున్నాను. చదువుతున్నారా, చెప్తున్నారా? చదివేవాళ్ళు కామా దగ్గర ఆగుతారు. చెప్పేవాళ్ళు అర్థం ఆగినచోట ఆగుతారు. చదివేవాళ్ళకి పేరా చివరికొచ్చేసరికి ఊపిరి అయిపోయి, ముఖ్యమైన క్రియ నీరసంగా పడుతుంది. మన వాక్యానికి క్రియే కదా చివర వచ్చేది, అదే వినపడకపోతే ఏం జరిగిందో తెలీదు. చెప్పేవాళ్ళు దాన్ని ముందే చూసుకుని ఊపిరి దాచుకుంటారు. ఇంకో గుర్తు: చెప్పేవాళ్ళు ఆడపాత్రకి గొంతు సన్నం చెయ్యరు, కాస్త నెమ్మది చేస్తారంతే. మగవాళ్ళు కీచుగొంతు పెట్టి నాయికని పలికిన నవలలు రెండు నేను సగంలో వదిలేశాను.

ఇక ఉచ్చారణ. ఒక్క గొంతుతో వెళ్తే ఉన్న పెద్ద ప్రమాదం ఇది. ఆ ఒక్కరికీ 'ళ' పలక్కపోతే పదకొండు గంటలు భరించాలి. ఒక యాప్‌లో పేరున్న కుటుంబ నవల విన్నాను. చదివినామె గొంతు పట్టులాగా ఉంది. మొదటి అధ్యాయం చివర, తండ్రి పోయిన ఇంట్లో, "ఆమె కల్లు తుడుచుకుంది" అంది. వజ్ర బస్సులో పక్కసీటు పెద్దమనిషి నావైపు చూసేంత గట్టిగా నవ్వాను. ఆ తర్వాత ఆ నవలలో ఎవరు ఏడ్చినా నాకు తాటిచెట్టే కనపడింది. పదిమంది నటించేదాంట్లో ఇలాంటిది ఒకరికి ఉన్నా, వాళ్ళ పాత్ర వెళ్ళిపోగానే మర్చిపోతాం.

యాస విషయానికొస్తే, న్యాయంగా చూస్తే పాత్రకొకరు పద్ధతే గెలవాలి. శ్రీకాకుళం మనిషికి శ్రీకాకుళం గొంతు, అనంతపురం మనిషికి అనంతపురం గొంతు. గెలవదు, ఎందుకంటే స్టూడియోలో ఉండే ఆ నలుగురైదుగురే అన్ని ఊళ్ళూ పలుకుతారు. మా ఆఫీసులో హిందూపురం కుర్రాడున్నాడు, శుక్రవారం సాయంత్రం బస్సెక్కితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటాడు. వాడికి ఒక సీమ కథ ఇయర్‌ఫోన్‌లో వినిపించాను. రెండు నిమిషాలు విని తీసేశాడు. "ఏందక్కా ఇది, ఎవురన్నా అట్ల మాట్లాడ్తారా మా దిక్కు? రైతు విత్తనాలు అడగను పోయినా సుమోలు గాల్లోకి లేపేట్టు ఉండాడు." వాడికి నచ్చిందేమో ఇంకొకటి. అందులో చదివినాయన యాస జోలికే పోలేదు. రచయిత రాసిన మాటల్ని రాసినట్టు, తన మామూలు గొంతుతో చెప్పుకుపోయాడు. యాస అంతా మాటల్లోనే ఉంది, గొంతులో పూయాల్సిన పని లేకపోయింది.

బస్సులో వినేవాళ్ళకి ఇంకో సంగతి. నాటకం కట్టిన ఆడియోలో గుసగుసలుంటాయి, అరుపులుంటాయి, వాటి కింద సంగీతం ఉంటుంది. ఇబ్బలూరు దగ్గర హారన్ల మధ్య గుసగుస వినపడదు, వాల్యూమ్ పెంచుతాం. మరుక్షణం మామగారు తలుపు బద్దలుకొట్టుకుని వస్తాడు. కథలో వానొస్తే మిరపకాయ బజ్జీలు వేగుతున్నట్టుంటుంది. ఒక్క గొంతు ఆడియోకి ఈ బాధ తక్కువ. ఆడియోబుక్ నిర్మాణంలో శబ్దం మొదటినుంచీ చివరిదాకా ఒకే మట్టంలో ఉండాలని కొలతలు పెట్టుకుంటారు, దాన్ని పాటించడం ఒక్క మైకు ముందు ఒక్క మనిషికి తేలిక. మెట్రోలో మాత్రం ఏదైనా సుఖమే, కన్నడ, ఇంగ్లీషు ప్రకటనలు వచ్చినప్పుడు తప్ప.

రచయితే తన కథ చదివితే? చిన్న కథయితే తప్పకుండా వినండి. ఎక్కడ ఆగాలో వాళ్ళకి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. నవలయితే ఆలోచించాలి. మూడో గంటకి గొంతు అలిసిపోయింది అని వినేవాళ్ళకి తెలిసిపోతుంది. వృత్తిగా చదివేవాళ్ళకి కూడా, పూర్తయిన ఒక గంట ఆడియో వెనక చదవడం, దిద్దడం, కోసి అతకడం అన్నీ కలిపి ఆరేడు గంటల పని ఉంటుందని లెక్క వేస్తారు.

యంత్రం గొంతు గురించి ఎక్కువ చెప్పను. ఫోన్లో తెలుగు చదివే గొంతు ఉంది, వార్తకి సరిపోతుంది. నవలకి వద్దు. ఒకవేళ కావాలన్నా మన పుస్తకాలు ఒప్పుకోవు. పాతవి చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు, ముందు అక్షరాలుగా మార్చుకోకపోతే యంత్రం చదవలేదు. తర్వాతివి బోలెడు అచ్చు కోసం వాడే అను ఫాంట్లలో కట్టినవి, యంత్రాలన్నీ గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాలు కావు. వాటిని కాపీ చేసి యంత్రం ముందు పెడితే వచ్చేది తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు.

మరి కొనేముందు ఎలా చూసుకోవాలి? శాంపిల్ వింటాం కదా, అది సాధారణంగా మొదటి అధ్యాయం. అందరూ బాగా తయారై చదివేది అదే. నేను ఉచితంగా వినగలిగే గడువు ఉంటే నవల నడిమికి వెళ్తాను. ముగ్గురు మాట్లాడుకునే చోటు వెతుకుతాను. 'అన్నాడు' బరువుగా తగులుతుంటే చదువుతున్నారని, వినపడీ వినపడకుండా జారిపోతుంటే చెప్తున్నారని. తర్వాత ఎక్కడైనా 'ళ', 'ణ' వచ్చేదాకా ఆగుతాను. ఇంగ్లీషు నవలల్ని ఒకటింపావు వేగంలో వింటాను గానీ తెలుగువాటిని ఉన్న వేగంలోనే. వేగం పెంచితే నా చెవికి దీర్ఘాలు పొట్టివై, ఒత్తులు మింగేసినట్టుంటాయి. మా అబ్బాయి రెండింతల వేగంలో విని కథ మొత్తం అప్పజెప్తాడు. అది వినడమే అని వాడు, కాదని నేను.

నా ఓటు ఎటో తెలిసే ఉంటుంది: వర్ణన ఉన్న నవలకి ఒక్క గొంతు, అదీ చెప్పే గొంతు. అలాంటిది దొరక్కపోతే పుస్తకం కొనుక్కుని ఆదివారం ఇంట్లో చదువుకుంటాను, నాటకం చేసిన నవల మాత్రం వినను. నాటకంగానే పుట్టినదాన్నీ, సంభాషణతోనే నడిచే హాస్య కథల్నీ పదిమంది చేస్తేనే బాగుంటుంది, అక్కడ అత్తయ్య పక్షం.

శనివారం ఆవిడ ఒంగోలు ప్రయాణం. రైల్లో వినడానికి ఫోన్లో నాలుగు నాటకాలు ఎక్కించమన్నారు. ఎక్కించి, అడక్కపోయినా ఐదోది నాకు నచ్చిన నవల పెట్టాను, ఒక్కాయన చెప్పింది. నిన్న రాత్రి గదిలోంచి ఆ గొంతు వినపడుతుంటే తొంగిచూశాను. చీకట్లో కళ్ళు మూసుకుని పడుకునే ఉన్నారు. కునుకు పట్టిందేమో, ఆపేద్దామని ఫోన్ మీద చెయ్యి వెయ్యబోతే, "ఉంచు. ఈయనది ఏ ఊరే, మనవైపేనా?" అన్నారు.