కెమెరాకు చలి, నాకు చెమట

రెండు శీతాకాలాలు వాడాక రాస్తున్నాను. టెలిస్కోప్‌కు తగిలించి నక్షత్రాల ఫోటోలు తీసే నా పాత కెనాన్ 1100డి కెమెరా విప్పించి, సెన్సర్ (వెలుతురును ఫోటోగా మార్చే చిప్) చల్లబడాలని దాని వెనక రాగి రేకు దూర్చి, రేకు చివర పెల్టియర్ బిళ్ల (కరెంటిస్తే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కేది), ఆ వేడిని లాగేసే హీట్‌సింక్, ఫ్యాన్ పెట్టించుకున్నాను. ఎలా చేయాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. వాటిలో ఎవరూ గట్టిగా చెప్పని తేమ గురించే నా గోలంతా.

ముందు మంచి చెప్తాను. సెన్సర్ సుమారు ఆరు డిగ్రీలు చల్లబడితే వేడి వల్ల దానిలో పుట్టే, ఫోటోలో చుక్కలుగా కనపడే కరెంటు సగానికి పడిపోతుంది. నెల్లూరులో మా డాబా మీద మే నెలలో 5 నిమిషాల ఎక్స్‌పోజర్ పెడితే ఫోటో నిండా ఎర్ర, నీలం చుక్కలే, ఆవాలు ఒలకబోసినట్టు. కూలింగ్ పెట్టించాక తీసిన మొదటి ఫోటోను కనపడ్డవాళ్లందరికీ చూపించాను. అది డిసెంబరులో తీసిందన్న సంగతి నాకే ఆలస్యంగా వెలిగింది. సగం పని చలికాలమే చేసిపెట్టింది.

జనవరిలో నేనూ మా బావమరిదీ హార్స్‌లీ హిల్స్ వెళ్లాం. ఒరాయన్ నెబ్యులా అనే వాయువుల మేఘం మీద 5 నిమిషాల చొప్పున 24 ఫ్రేములు. నాలుగు అద్దంలా వచ్చాయి. ఐదో దాని నుంచి నక్షత్రాలు తడిసిన దూదిలా ఉబ్బాయి. "ఫోకస్ పోయిందేమో బావా" అన్నాడు. మళ్లీ సరిచేశాను. టెలిస్కోప్ అద్దం మీద మంచేమోనని తుడిచాను. టెలిస్కోప్‌ను పక్కకి జరిపినా మసక మాత్రం ఫోటోలో ఉన్న చోటే ఉంది. అప్పుడు గుండె జారింది. సెన్సర్ సున్నా కిందకి పోయింది, కెమెరా లోపలి గాలిలో ఉన్న తేమంతా వెళ్లి దాని అద్దం మీదే కూర్చుంది. సర్క్యూట్ మీద కూడా నీళ్లు చేరాయేమోనని ఇంటికొచ్చేదాకా ఒకటే టెన్షన్. కెమెరా బతికింది గానీ, ఒక మూల మరక ఇప్పటికీ ఉంది.

తర్వాత సందులన్నీ సిలికాన్‌తో మూసి, లోపల సిలికా జెల్ పొట్లం పెట్టాం. "ఉప్పు జాడీలో బియ్యం గింజలు వేసినట్టే కదరా" అంది అమ్మ. అంతే మరి. కంట్రోలర్ ఒకటి తగిలించి సెన్సర్‌ను 5 డిగ్రీల దగ్గరే ఆపుతున్నాను. విచిత్రం, ఇప్పుడు నాకు బాగా నచ్చేది చల్లదనం కాదు, ఆ నిలకడ. మబ్బు పట్టిన రోజు ఇంట్లోనే, అదే 5 డిగ్రీల దగ్గర డార్క్ ఫ్రేములు (అసలు ఫోటోల్లోంచి ఆ చుక్కల్ని తీసేయడానికి మూత పెట్టి తీసే నల్ల ఫోటోలు) తీసి దాచుకుంటే చాలా రోజులు పనికొస్తాయి. మంచి రాత్రి వాటికోసం గంట వృథా అవదు.

పెట్టించుకోవచ్చా అంటే, అనంతపురంలో ఉండే మా స్నేహితుడికి ఇలాంటి సెటప్పే ఏ గొడవా లేకుండా నడుస్తోంది. అక్కడి గాలి పొడి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో, నాలా డాబా మీద తీసేవాళ్లయితే ముందు సీలింగ్ సంగతి చూసుకోండి. 7 ఏహెచ్ యూపీఎస్ బ్యాటరీ గంటన్నరకే చేతులెత్తేస్తుంది, నేను కారు బ్యాటరీ మోస్తున్నాను. జెల్ గింజల్ని నెలకోసారి పెనం మీద వేడి చేసి ఆరబెట్టాలి. ఆ పెనం మీద ఇక దోసెలు పొయ్యనంటోంది అమ్మ.